చట్టం అడగని బాయిలర్ సర్టిఫికెట్ మనంతట మనం తీసుకోవాలా?

జీడిమెట్ల_బి_షిఫ్ట్
అందరికీ నమస్కారం. నేను అట్టపెట్టెల యూనిట్‌లో పనిచేస్తున్నాను. మా దగ్గర ఒక థర్మిక్ ఫ్లూయిడ్ హీటర్ (నూనెను వేడి చేసి తిప్పేది), దాని పక్కన ఒక చిన్న కాయిల్ టైప్ స్టీమ్ బాయిలర్ ఉన్నాయి. రెండూ నేనే చూసుకుంటాను. చిన్నది నాన్ ఐబీఆర్ (ఇండియన్ బాయిలర్ రెగ్యులేషన్స్ కిందకు రానిది) అని, దానికి అటెండెంట్ (బాయిలర్ నడిపేవాడి) సర్టిఫికెట్ అక్కర్లేదని యజమాని మొదటిరోజే చెప్పారు. ఇప్పుడు ఒక ట్రైనింగ్ సెంటర్ వాళ్లు వచ్చి, ఆర్‌పీఎల్ (పని చేస్తూ నేర్చుకున్న నైపుణ్యానికి గుర్తింపు) కింద అసెస్‌మెంట్ చేసి గవర్నమెంట్ సర్టిఫికెట్ ఇస్తాం, స్కిల్ ఇండియా పోర్టల్‌లో మీ పేరు ఎక్కుతుంది, ఇష్టమైతేనే చేయండి, బలవంతం లేదు అంటున్నారు. ఒక్కరోజు సెలవు పెట్టాలి, ఆ రోజు జీతం పోతుంది. అడగని కాగితం కోసం ఇంత అవసరమా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

ఫస్ట్‌క్లాస్_అటెండెంట్
తమ్ముడూ, ముందు ఒక విషయం తేల్చుకో. ఆర్‌పీఎల్ కాగితం వేరు, బాయిలర్స్ డిపార్ట్‌మెంట్ ఇచ్చే కాంపిటెన్సీ సర్టిఫికెట్ వేరు. ఫస్ట్ క్లాస్, సెకండ్ క్లాస్ అని మేము రాసే పరీక్ష 2011 బాయిలర్ అటెండెంట్స్ రూల్స్ కింద జరుగుతుంది, అది ఐబీఆర్ బాయిలర్‌కి తప్పనిసరి. పెద్ద పవర్ ప్లాంట్ బాయిలర్లకు, అంటే హీటింగ్ సర్ఫేస్ వెయ్యి చదరపు మీటర్లు దాటితే, అటెండెంట్ కూడా చాలడు, బీఓఈ (బాయిలర్ ఆపరేషన్ ఇంజినీర్) ఉండాలి. నువ్వు రేపు ఆర్‌పీఎల్ చూపించి ఐబీఆర్ బాయిలర్ దగ్గర నిలబడతానంటే ఇన్‌స్పెక్టర్ ఒప్పుకోడు. ట్రైనింగ్ సెంటర్ వాళ్లు ఈ తేడా చెప్పారా? చెప్పకపోతే అక్కడే అనుమానించు.

జీడిమెట్ల_బి_షిఫ్ట్
చెప్పలేదు అన్నా. "ఇది ఉంటే ఎక్కడైనా బాయిలర్ నడపొచ్చు" అన్నారు.

ఫస్ట్‌క్లాస్_అటెండెంట్
అబద్ధం.

గేజ్‌గ్లాస్
అబద్ధమే, కానీ ఆ అబద్ధం వల్ల అసలు ప్రశ్న పక్కకు పోకూడదు. నాన్ ఐబీఆర్ అంటే ఏంటో ఇక్కడ చాలామందికి సరిగ్గా తెలియదు, నాలుగు మాటలు చెప్తాను. 1923 చట్టం పోయి బాయిలర్స్ యాక్ట్ 2025 వచ్చింది, ఆ ఏడాది మే 1 నుంచి అమల్లో ఉంది. నిర్వచనం మాత్రం దాదాపు పాతదే. నీళ్లు పట్టే సామర్థ్యం 25 లీటర్లలోపు ఉన్నా, ప్రెషర్ చదరపు సెంటీమీటరుకు ఒక కిలోలోపు ఉన్నా, నీళ్లను వంద డిగ్రీల లోపే వేడి చేస్తున్నా, అది చట్టం దృష్టిలో బాయిలరే కాదు. కాయిల్ బాయిలర్లలో నీళ్లు ట్యూబులో మాత్రమే ఉంటాయి కాబట్టి 25 లీటర్లు దాటకుండా తయారుచేస్తారు, ప్రెషర్ మాత్రం పది కిలోలు దాకా వస్తుంది. పెద్దది ఒకటి పెట్టే బదులు చిన్నవి రెండు మూడు పక్కపక్కన పెట్టుకునేవాళ్లు కూడా ఉన్నారు. హాస్పిటల్ లాండ్రీలు, హోటల్ కిచెన్లు, డైయింగ్ యూనిట్లు, నీలాంటి కార్టన్ యూనిట్లు, ఇలాంటి చోట్లంతా ఇవే.

నీళ్లు తక్కువ కాబట్టి పేలినా నష్టం తక్కువ అని లెక్క. పెద్ద డ్రమ్ములో నీళ్లు నింపే షెల్ బాయిలర్‌తో పోలిస్తే ఆ లెక్క తప్పు కాదు, టన్నుల కొద్దీ నీళ్లు ఒక్కసారిగా ఆవిరైతే వచ్చే ప్రమాదం ఇందులో లేదు. కానీ బర్నర్ ఆరిపోయాక ఫర్నేస్‌లో గ్యాస్ నిండి, పర్జ్ చేయకుండా, అంటే ఆ గ్యాస్‌ను గాలితో బయటికి తోసెయ్యకుండా, మళ్లీ ఇగ్నిషన్ కొడితే? దానికి లీటర్లతో పని లేదు. ప్రెషర్ స్విచ్ మాటిమాటికీ ట్రిప్ అవుతోందని వైరు ముక్కతో షార్ట్ చేసి పెట్టినవి నేను కళ్లారా చూశాను. ఆ పని చేసినవాడు చెడ్డవాడు కాదు, ఎవరూ నేర్పలేదు, నేర్చుకోవాలని ఎవరూ అడగలేదు, అంతే.

సేఫ్టీ_హెల్మెట్
థర్మిక్ ఫ్లూయిడ్ హీటర్ సంగతి కూడా కలపండి. అందులో ఆవిరి పుట్టదు, వేడి నూనె తిరుగుతుంది, కాబట్టి అది కూడా అటెండెంట్ రూల్స్‌లోకి రాదు. ఫ్యాక్టరీల శాఖ వైపు నుంచి చూసుకోవాల్సినవి ఉంటాయి కానీ నడిపేవాడి చేతిలో ఏ సర్టిఫికెట్ ఉండాలని అడిగేవాళ్లు తక్కువ. నూనె 250 నుంచి 300 డిగ్రీల దగ్గర తిరుగుతుంటే కాయిల్‌కి చిన్న లీకు పడిందంటే నేరుగా మంటలోకే పోతుంది. నేను ఆడిట్‌కి వెళ్లినప్పుడు ఆపరేటర్‌ని అడిగే మొదటి ప్రశ్న ఒకటే, కట్టెలు కాలుస్తున్న హీటర్ నడుస్తుండగా కరెంటు పోయింది, ఏం చేస్తావు? "జనరేటర్ ఆన్ చేస్తాను" అంటారు. జనరేటర్ స్టార్ట్ కాలేదు, ఇప్పుడేం చేస్తావు? ఇక్కడ చాలామంది ఆగిపోతారు.

మిర్యాలగూడ_మిల్లర్
నేను యజమానుల వైపు నుంచి మాట్లాడతాను, తిట్టుకోకండి. మాది పారాబాయిల్డ్ రైస్ మిల్లు, ఊక బాయిలర్, ఐబీఆర్. ఏటా ఇన్‌స్పెక్షన్, హైడ్రాలిక్ టెస్ట్, అటెండెంట్, అన్నీ సక్రమంగా ఉన్నాయి. అయినా మా ఏరియాలో సర్టిఫికెట్ ఉన్న అటెండెంట్ దొరకడం కష్టం. అందుకే ఒకే మనిషి సర్టిఫికెట్ జిరాక్స్ రెండు మూడు మిల్లుల్లో గోడమీద కనిపిస్తుంది. మనిషి మాత్రం ఒక్కచోటే ఉంటాడు, లేదా ఎక్కడా ఉండడు. తప్పనిసరి చేసినదాని పరిస్థితే ఇలా ఉంటే, స్వచ్ఛందం అంటే ఎవరు లెక్కచేస్తారు? నా వరకు నేను మనిషిని పెట్టుకునేటప్పుడు కాగితం చూడను, ఒక షిఫ్ట్ నిలబెట్టి చూస్తాను.

ఫస్ట్‌క్లాస్_అటెండెంట్
@మిర్యాలగూడ_మిల్లర్ గారూ, అటెండెంట్ దొరకడం లేదంటే కారణం మీకు తెలియనిదా? హెల్పర్‌కి ఇచ్చేదానికి రెండు మూడు వేలు మాత్రం ఎక్కువిచ్చి, పన్నెండు గంటల షిఫ్ట్ వేసి, బాయిలర్‌తో పాటు ఊక కన్వేయర్, ఈటీపీ (వ్యర్థజలాల శుద్ధి) మోటార్లు కూడా చూసుకో అంటే పరీక్ష రాసినవాడు ఎందుకు వస్తాడు? కంపెనీల్లోకి పోతాడు.

సర్టిఫికెట్ అద్దెకిచ్చే తమ్ముళ్లకు కూడా ఒక మాట. మీరు ఇచ్చేది జిరాక్స్ అనుకుంటున్నారు. ప్రమాదం జరిగిన రోజు రికార్డులో బాయిలర్ ఇన్‌ఛార్జి మీరే. నెలకు వచ్చే ఆ కాస్త డబ్బుకి జైలు పూచీ తీసుకుంటున్నారు. కొత్త చట్టంలో కొన్ని నేరాలకు జైలు తీసేసి పెనాల్టీ పెట్టారని అందరూ సంతోషపడుతున్నారు, ప్రాణనష్టానికి దారితీసే నాలుగు పెద్ద నేరాలకు మాత్రం క్రిమినల్ శిక్షలు అలాగే ఉంచారని మర్చిపోకండి.

నెల్లూరు_ఎక్స్‌కవేటర్
బాయిలర్ కాదు గానీ నాది కూడా ఇదే కథ కాబట్టి రాస్తున్నా. ఎక్స్‌కవేటర్ మీద క్లీనర్‌గా చేరి ఆపరేటర్ అయ్యాను, అందరూ అలాగే అవుతారు, సీనియర్ భోజనానికి దిగినప్పుడు సీట్లో కూర్చుని నేర్చుకోవడమే. ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ ఎక్విప్‌మెంట్ స్కిల్ కౌన్సిల్ అని ఉంది, వాళ్ల అసెస్‌మెంట్ చేయించుకున్నాను. చట్టం ఏమీ అడగలేదు, ఇష్టపూర్వకంగానే. మామూలు కాంట్రాక్టర్ల దగ్గర ఆ కార్డు విలువ సున్నా, తీసి చూపిస్తే నవ్వారు కూడా. కానీ ఒక పెద్ద పోర్టు పనికి వెళ్లినప్పుడు గేటు దగ్గర సేఫ్టీవాళ్లు కార్డు ఉన్నవాళ్లనే మెషిన్ ఎక్కనిచ్చారు. మాతో వచ్చినవాళ్లలో నాకంటే బాగా నడిపేవాళ్లు ఇద్దరు వెనక్కి పోయారు. అదేమీ న్యాయం కాదు, కానీ జరిగింది చెప్తున్నా.

లీడ్స్_తెలుగు
ఇంగ్లండ్‌లో ఫుడ్ ఫ్యాక్టరీలో బాయిలర్ హౌస్ చూస్తాను. ఇక్కడి పద్ధతి మీ చర్చకు సరిగ్గా సరిపోతుంది. ఇక్కడ బాయిలర్ ఆపరేటర్‌కి ప్రభుత్వ లైసెన్స్ అంటూ లేదు. 2000 నాటి ప్రెషర్ సిస్టమ్స్ రెగ్యులేషన్స్ ప్రకారం నడిపేవాడికి తగిన సూచనలు, శిక్షణ ఇవ్వాల్సిన బాధ్యత యజమానిది. ఎలా నిరూపించుకుంటావో నీ ఇష్టం. ఆ నిరూపణ కోసం బోయాస్ అనే స్కీమ్ ఉంది, కంబషన్ ఇంజినీరింగ్ అసోసియేషన్ నడుపుతుంది, స్వచ్ఛందం. కానీ బోయాస్ లేకపోతే ఆడిట్‌లో యజమాని తన మనుషులకు పని వచ్చని వేరే రకంగా కాగితాల మీద నిరూపించాలి, అది ఇంకా పెద్ద తలనొప్పి. అందుకని మా కంపెనీయే డబ్బు కట్టి పంపింది, పరీక్ష రోజుకి జీతం కూడా ఇచ్చింది. సర్టిఫికెట్‌కి గడువు ఉంటుంది, అది ముగిసేలోపు మళ్లీ అసెస్‌మెంట్‌కి కూర్చోవాలి.

ఇక్కడ పనిచేసింది స్వచ్ఛందం అన్న మాట కాదు. యజమాని మీద బరువు పెట్టారు, దాన్ని దించుకునే తేలిక దారిగా ఈ స్కీమ్ ఉంది. మీ దగ్గర ఆ బరువు లేకుండా కార్మికుడినే నీ ఖర్చుతో నువ్వే పోయి రిజిస్టర్ చేసుకోమంటే ఎవరు పోతారు?

బ్లాక్‌సీల్_ఎన్‌జే
+1 పైన చెప్పినదానికి. నేను న్యూజెర్సీలో, ఇక్కడ స్కూల్ బిల్డింగ్ బాయిలర్ చూడాలన్నా బ్లాక్ సీల్ లైసెన్స్ కావాలి, రాష్ట్రమే ఇస్తుంది. పైన బ్లూ సీల్, గోల్డ్ సీల్ ఉన్నాయి. కానీ అమెరికా అంతా ఇలాగే అనుకోవద్దు. కేంద్ర లైసెన్స్ లేదు, కొన్ని రాష్ట్రాల్లో తప్పనిసరి, కొన్ని చోట్ల ఊరి మున్సిపాలిటీ అడుగుతుంది, చాలాచోట్ల అసలేమీ లేదు. లేనిచోట వాళ్లంతట వాళ్లే నియుల్పీ అనే సంస్థ దగ్గర పరీక్ష రాసి గ్రేడ్ తెచ్చుకుంటారు. ఇంకో రాష్ట్రంలో ఉద్యోగానికి అప్లై చేసేటప్పుడు అది పనికొస్తుంది.

చరిత్ర ఇష్టమున్నవాళ్లకు: 1905 మార్చి 20న మసాచుసెట్స్‌లోని బ్రాక్టన్‌లో గ్రోవర్ షూ ఫ్యాక్టరీ బాయిలర్ పేలి 58 మంది పోయారు. ఆ తర్వాతే ఆ రాష్ట్రం బాయిలర్ల మీద గట్టి చట్టం చేసింది, అక్కడి నుంచే ఏఎస్ఎంఈ (అమెరికా మెకానికల్ ఇంజినీర్ల సంఘం) బాయిలర్ కోడ్ దాకా వెళ్లింది.

ఎర్ర_ఇటుక
విదేశాల ముచ్చట్లు బాగానే ఉన్నాయి గానీ, మన దగ్గర రిజిస్ట్రేషన్ అనగానే కార్మికుడి మీదకే ఎందుకు వస్తుందో నాకు అర్థం కాదు. ఈ-శ్రమ్‌లో ఎక్కమన్నారు, ఎక్కాం. నేషనల్ కెరీర్ సర్వీస్‌లో ఎక్కమన్నారు, ఎక్కాం. పేరు పది చోట్ల ఉంది, ఫోన్ మాత్రం ఒక్కసారీ రాలేదు. ఇంకో రిజిస్టర్‌లో పేరు రాయించుకుంటే జీతం పెరుగుతుందా?

ఇంకోటి. 2017 నవంబర్ 1న ఉత్తరప్రదేశ్‌లోని ఉంచాహార్ ఎన్టీపీసీ పవర్ ప్లాంట్‌లో జరిగింది గుర్తుందా? నలభై మందికి పైగా చనిపోయారు. అక్కడ సర్టిఫికెట్లకు, ఇంజినీర్లకు కొరత ఉందా? లేదు. బాయిలర్ అడుగున బూడిద గడ్డకట్టి పేరుకుపోయింది, యూనిట్ నడుస్తుండగానే దాన్ని తీసే పనిలో పడ్డారు. ఆపేయండి అనే అధికారం కింద నిలబడి పనిచేసేవాడికి లేనప్పుడు జేబులో ఏ కార్డు ఉంటే ఏంటి?

సేఫ్టీ_హెల్మెట్
@ఎర్ర_ఇటుక ఉంచాహార్ గురించి మీరు చెప్పింది ఒప్పుకుంటాను, కానీ దాన్నుంచి కార్డు వృథా అని తేలదు. ఆపమని చెప్పాలంటే ఎప్పుడు ఆపాలో తెలియాలి కదా. బాయిలర్‌లో నీటి మట్టం చూపే గేజ్ గ్లాసులో నీళ్లు కనిపించకపోతే ఫీడ్ పంపు ఆన్ చేసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఎర్రగా కాలిన ట్యూబుల మీదకు చల్లని నీళ్లు పంపడమంటే ప్రమాదాన్ని పిలవడమే, ముందు మంట ఆపాలి. ఇది తెలిసినవాడికే యజమానితో "సార్, నేను ఆపేస్తున్నా" అని గట్టిగా అనే ధైర్యం వస్తుంది. తెలియనివాడు సూపర్‌వైజర్‌కి ఫోన్ చేస్తాడు, ఆయన ఎత్తేలోపు అంతా అయిపోతుంది.

ఎర్ర_ఇటుక
తెలిసినవాడు ఆపితే మర్నాడు ఉద్యోగం ఉంటుందా? అది చెప్పండి ముందు.

సేఫ్టీ_హెల్మెట్
అన్నిచోట్లా ఉండదు. నిజమే.

ఐటీఐ_ఏఓసీపీ
నేను ఐటీఐలో ఏఓసీపీ (కెమికల్ ప్లాంట్ అటెండెంట్ ఆపరేటర్ కోర్సు) రెండేళ్లు చేసి ఫార్మాలో యుటిలిటీస్‌లో ఉన్నాను. మా దగ్గర కస్టమర్ ఆడిట్‌కి బయటి దేశాలవాళ్లు వస్తే ప్రతి ఆపరేటర్ ట్రైనింగ్ రికార్డు అడుగుతారు, చట్టం అడిగిందా లేదా అని చూడరు. చిల్లర్, కంప్రెసర్, బాయిలర్, దేనికైనా. అందుకే చిన్న యూనిట్ నుంచి ఫార్మాకి మారాలనుకునేవాళ్లకు ఆర్‌పీఎల్ కాగితమైనా ఏమీ లేనిదానికంటే మేలు. పదో తరగతి తప్పి పదేళ్లుగా బాయిలర్ నడుపుతున్న అన్నలు మా దగ్గర కాంట్రాక్ట్‌లో ఉన్నారు, పని చూస్తే మాకు పాఠం చెప్పగలరు, హెచ్‌ఆర్ దగ్గర మాత్రం అన్‌స్కిల్డ్ అని ఉంటుంది, ఆ ప్రకారమే కనీస వేతనం. కనీసం ఆ కాలమ్ మారితే చాలు అంటారు వాళ్లు.

గేజ్‌గ్లాస్
ఇది ముఖ్యమైన పాయింట్. కనీస వేతనాల షెడ్యూల్లో అన్‌స్కిల్డ్, సెమీ స్కిల్డ్, స్కిల్డ్ అని ఉంటుంది, ఏ వర్గంలో రాశారన్నదాని మీదే డబ్బు. ఎర్ర_ఇటుక గారు అడిగిన "జీతం పెరుగుతుందా" అన్నదానికి జవాబు ఇక్కడే దొరకొచ్చు. కార్డు చూపించి, నన్ను స్కిల్డ్‌లో రాయండి అని లేబర్ ఆఫీసులో అడగడానికి ఒక ఆధారం అవుతుంది. ఇస్తారా లేదా తర్వాత సంగతి, చేతిలో ఏమీ లేకుండా అడగడం కంటే నయం.

నా అభిప్రాయం ఏంటంటే, రాష్ట్రం రిజిస్టర్ పెడితే పేరు, ఆధార్, ఫోటో తీసుకుని వదిలేసే రకం వద్దు. ఆంధ్రలో 2024లో మంగళగిరిలో స్కిల్ సెన్సస్ పైలట్ చేశారు, ఎవరికి ఏం వచ్చో రాసుకోవడం మంచిదే, కానీ "బాయిలర్ వచ్చు" అని రాసుకుంటే ఏం తెలుస్తుంది? ఊక బాయిలరా, గ్యాస్ బర్నరా, కాయిలా, థర్మిక్ ఫ్లూయిడా, గంటకు ఎన్ని టన్నుల ఆవిరి ఇచ్చేది, ఎంతకాలం ఒంటరిగా షిఫ్ట్ నడిపాడు, ఇవి రాయాలి. డ్రైవింగ్ లైసెన్సులో బండి రకం ఉన్నట్టు. అసెస్‌మెంట్ కూడా కంప్యూటర్ ముందు నాలుగు ఆప్షన్లలో ఒకటి నొక్కడం కాకుండా, నడుస్తున్న మెషిన్ ముందు నిలబెట్టి చేయాలి. పరీక్షించేవాడు కూడా ఎప్పుడో ఒకప్పుడు షిఫ్ట్ చేసినవాడై ఉండాలి. ఇక క్యూఆర్ కోడ్ పెట్టి, ఈ మనిషి ప్రస్తుతం ఏ యూనిట్‌లో ఉన్నాడో కనిపించేలా చేస్తే మిల్లర్ గారు చెప్పిన జిరాక్స్ దందా కూడా సగం తగ్గుతుంది.

మిర్యాలగూడ_మిల్లర్
చివరి మాట బాగుంది, కానీ ఏ యూనిట్‌లో ఉన్నాడో అందరికీ కనిపిస్తే పక్క మిల్లువాడు ఫోన్ చేసి లాక్కుపోతాడు 😄

ఫస్ట్‌క్లాస్_అటెండెంట్
లాక్కుపోనివ్వండి సార్, అప్పుడైనా జీతాలు పెరుగుతాయి.

గల్ఫ్_రిటర్న్_జగిత్యాల
గల్ఫ్ ఆలోచన ఉన్నవాళ్ల కోసం. అక్కడ కంపెనీని బట్టి ఉంటుంది. సౌదీ కొన్ని ట్రేడ్‌లకు వీసా ముందే స్కిల్ వెరిఫికేషన్ టెస్ట్ పెట్టింది, వెల్డర్, ఎలక్ట్రీషియన్, ప్లంబర్ లాంటివి. మీ ట్రేడ్ ఆ లిస్టులో ఉందో లేదో వెళ్లేముందు టామ్‌కామ్‌లో (విదేశీ ఉద్యోగాల కోసం తెలంగాణ ప్రభుత్వ సంస్థ) అడగండి, ఆంధ్రవాళ్లు అయితే అలాంటిదే అయిన ఓమ్‌క్యాప్‌లో. ఏజెంట్ మాట నమ్మి ఇక్కడి ఆర్‌పీఎల్ అక్కడ చెల్లుతుందని డబ్బు కట్టకండి. ఫస్ట్ క్లాస్ అటెండెంట్ సర్టిఫికెట్‌కి మాత్రం ఇంటర్వ్యూలో విలువ ఇచ్చారు, నాతో వచ్చిన ఒకాయనను హెల్పర్‌గా కాకుండా నేరుగా ఆపరేటర్‌గా తీసుకున్నారు.

జీడిమెట్ల_బి_షిఫ్ట్
అందరికీ థాంక్స్. సెంటర్ వాళ్లని అడిగాను, అసెస్‌మెంట్ ఎక్కడ చేస్తారు అని. వాళ్ల ఆఫీసులోనే, ట్యాబ్ మీద అన్నారు. ఫీజు లేదు కానీ "ప్రాసెసింగ్"కి కొంత కట్టాలట. ఏమంటారు?

ఫస్ట్‌క్లాస్_అటెండెంట్
పీఎంకేవీవై (కేంద్రం నైపుణ్య శిక్షణ పథకం) కింద చేస్తున్న ఆర్‌పీఎల్ అయితే అభ్యర్థి దగ్గర డబ్బు తీసుకోకూడదు. ఎవరి కింద చేస్తున్నారో, సెక్టార్ స్కిల్ కౌన్సిల్ పేరేంటో, సర్టిఫికెట్ మీద జాబ్ రోల్ ఏమని పడుతుందో రాసి ఇమ్మను. రాసివ్వకపోతే వదిలెయ్. నీకు నిజంగా పనికొచ్చేది సెకండ్ క్లాస్ అటెండెంట్. దానికి ఐబీఆర్ బాయిలర్ మీద ఫైర్‌మ్యాన్‌గా అనుభవం చూపించాలి, నాన్ ఐబీఆర్ అనుభవాన్ని లెక్కలోకి తీసుకుంటారా అన్నది బాయిలర్స్ డిపార్ట్‌మెంట్ ఆఫీసుకి వెళ్లి నేరుగా అడుగు, బ్రోకర్‌ని కాదు. లెక్కలోకి రాకపోతే ఐబీఆర్ ఉన్నచోట అసిస్టెంట్‌గా చేరడం గురించి ఆలోచించు, జీతం కొంచెం తగ్గినా.

ఐటీఐ_ఏఓసీపీ
ఈలోపు ఒక పని ఈరోజు నుంచే మొదలుపెట్టు బ్రదర్. నీ పేరుతో లాగ్‌బుక్. ప్రెషర్, ఫ్లూ గ్యాస్ టెంపరేచర్, సాఫ్ట్‌నర్ హార్డ్‌నెస్, బ్లోడౌన్ (అడుగున మురికి నీళ్లు వదలడం) ఎప్పుడు చేశావు, ఏది ట్రిప్ అయింది, గంటగంటకీ రాసి షిఫ్ట్ చివర సూపర్‌వైజర్ సంతకం తీసుకో. అనుభవం ఉందని చెప్పడానికి సర్వీస్ సర్టిఫికెట్ ఇవ్వడానికి యజమాని వెనకాడినా ఆ పుస్తకం ఉంటుంది.

జీడిమెట్ల_బి_షిఫ్ట్
సరే, సెంటర్‌కి నో చెప్పేస్తున్నా. సోమవారం నాకు ఆఫ్ ఉంది, బాయిలర్స్ ఆఫీసుకి వెళ్తాను. సేఫ్టీ_హెల్మెట్ సార్, మీరు అడిగిన కరెంటు ప్రశ్నకి జవాబు చెప్పకుండా వెళ్లిపోయారు. మాది కట్టెల హీటరే, జనరేటర్ అప్పుడప్పుడు మొరాయిస్తుంది.

సేఫ్టీ_హెల్మెట్
కరెంటు పోతే పంపు ఆగుతుంది, కట్టెల మంట ఆగదు. కాయిల్‌లో కదలకుండా నిలిచిన నూనె మాడి బొగ్గులా ట్యూబుకి అంటుకుంటుంది, ఇంకా వేడెక్కితే ట్యూబ్ పగులుతుంది. కాబట్టి వెంటనే కట్టెలు వేయడం ఆపి, వేడి నూనెను తిప్పడానికి డీజిల్ ఇంజిన్ పంపు ఉంటే దాన్ని స్టార్ట్ చెయ్యాలి. అదీ లేకపోతే మంటను వీలైనంత త్వరగా బయటికి లాగెయ్యాలి, ఫైర్ డోర్లు ఎప్పుడు తెరవాలో మీ మెషిన్ మాన్యువల్‌లో ఉన్న ప్రకారం చెయ్. ఎక్స్‌పాన్షన్ ట్యాంకు నుంచి చల్లని నూనె కాయిల్ గుండా కిందికి దింపే ఎమర్జెన్సీ లైన్ కొన్నిటికి ఉంటుంది, మీ దానికి ఉందా, వాల్వ్ ఎక్కడుంది, తిరుగుతోందా లేక తుప్పుపట్టి బిగుసుకుందా, షిఫ్ట్ ఎక్కగానే చూసుకో. లాగిన నిప్పులు పోయడానికి చుట్టూ నూనె మరకలు లేని చోటు ముందే అనుకుని పెట్టుకో. డీజిల్ పంపు లేకపోతే మాత్రం యజమానికి రాతపూర్వకంగా ఇవ్వు, కాపీ నీ దగ్గర ఉంచుకో.

జీడిమెట్ల_బి_షిఫ్ట్
డీజిల్ పంపు ఉంది సార్, బ్యాటరీ లేదు. రేపే అడుగుతాను.